అన్నం మానేశాక ఉబ్బిన పొట్ట

ఖమ్మం లకారం ట్యాంక్‌బండ్ మీద తెల్లారగట్ల గంటసేపు నడిచొచ్చి, ఓట్స్‌లో పాలు పోసుకుని, గిన్నెడు మొలకలు నమిలి, ఓ యాపిల్ కోసుకు తిని ఎనిమిదిన్నరకి ఆఫీసుకు బయల్దేరిన మనిషికి పదకొండు కొట్టేసరికి ప్యాంటు నడుము దగ్గర పట్టేస్తుంది. పక్క సీటాయన మాత్రం వేడన్నంలో పప్పు, పచ్చడి కలుపుకుని తినొచ్చి నిమ్మళంగా ఫైళ్లు తిరగేస్తుంటాడు. ఖమ్మంలోనే కాదు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక దాటి భద్రాచలం దాకా పొద్దుటి నడకల్లో వినపడే మొర ఇది. "అన్నం మానేశాను, నూనె తగ్గించాను, చక్కెర ముట్టడం లేదు. అయినా పొట్ట బిర్రుగా ఉంటోంది సార్, నాకేమన్నా రోగమంటారా?"

దీనికి మన ఊళ్లలో సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: గ్యాస్ ట్రబుల్. ఓ ఈనో పొట్లం, పరగడుపున వేసుకునే ఓ బిళ్ల, కాస్త వామునీళ్లు. ఆ మనిషి ఏం తిన్నాడు, ఎన్ని గంటలకు తిన్నాడు, ఎన్ని గంటలకు ఉబ్బాడు అని అడిగేవాళ్లు తక్కువ. ఈ చిక్కుముడిని అరవై ఏళ్లుగా ఒక్కో పోగూ లాగి విప్పినవాళ్లు ఉన్నారు. వాళ్లు మొదలుపెట్టింది ఆ ప్రశ్నలతోనే.

మొదటి ఆనవాలు గడియారంలోనే ఉంది. తిన్నది కడుపు దాటి, చిన్నపేగు మొత్తం ప్రయాణించి, పెద్దపేగు మొదలుకు చేరడానికి గంటలు పడుతుంది. పెద్దపేగులోనే కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. ఎనిమిదికి తింటే పదకొండుకి ఉబ్బడమంటే, పొద్దున తిన్నదాంట్లో అరగని భాగమేదో వాటి చేతికి చిక్కిందని అనుమానించాలి. తింటుండగానే, చెయ్యి కడగకముందే పొట్ట బిగుసుకుంటే మాత్రం దారి వేరు. గబగబా మింగిన గాలి కావచ్చు, నిన్నటి భోజనం కావచ్చు, రెండ్రోజులుగా కదలని మలం కావచ్చు.

రెండో ఆనవాలు ఆ వాయువు ఎలాంటిదన్నది. మింగిన గాలి అయితే అందులో నైట్రోజన్ ఎక్కువ. పేగులో పుట్టినదైతే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ ఉంటాయి. మనిషి ఒంట్లో కణాలు హైడ్రోజన్ తయారుచేయలేవు. అది కనిపించిందంటే సూక్ష్మజీవుల పనే. అమెరికాలో మినియాపొలిస్‌లో పనిచేసిన మైకేల్ లెవిట్ అనే వైద్యుడు 1969లో దీన్ని కొలిచి చూపించాడు. పేగులో పుట్టిన హైడ్రోజన్‌లో కొంత రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికొస్తుంది. అంటే పెద్దపేగులో ఏం జరుగుతోందో నోటి ఊపిరి పట్టి చెప్పొచ్చు. ఇవాళ పెద్ద ఆసుపత్రుల్లో చేసే హైడ్రోజన్ బ్రెత్ టెస్టు ఆ దారిలో వచ్చిందే.

అప్పట్లో ఈ విషయం మీద డాక్టర్లకన్నా ముందు అంతరిక్ష శాస్త్రవేత్తలు కంగారు పడ్డారు. మూసేసిన వ్యోమనౌకలో హైడ్రోజన్, మీథేన్ పోగైతే మంట అంటుకునే ప్రమాదం. 1964లో అంతరిక్ష పోషణ మీద జరిగిన సదస్సులో మర్ఫీ అనే పరిశోధకుడు ఇలాంటి వాయువులు పెద్దగా పుట్టని మనుషులనే వ్యోమగాములుగా ఎంచుకోవచ్చన్నాడు. చంద్రుడి మీదికి వెళ్లేవాడికి ఇదొక అర్హత అవుతుందని ఎవరనుకుంటారు!

ఈ పరిశోధకులు మొదట అనుమానించింది చిక్కుళ్లు, బఠాణీల జాతినే. మనకది కొత్త కాదు. ఉలవలు, అలసందలు, శనగలు గుగ్గిళ్లు చేసుకుతింటే ఏమవుతుందో ఇంట్లో పిల్లాడైనా చెప్తాడు. కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో అసలు లేదు. బీదా గొప్పా, ఆరోగ్యవంతుడూ రోగీ, ఎవరికీ లేదు. అవి చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరి పులుస్తాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తగా ఉడికిస్తే ఆ చక్కెరలు కొంత పోతాయి. మొలకెత్తిస్తే ఇంకాస్త తగ్గుతాయి. కానీ మొలకల్ని గుప్పెడు కాక గిన్నెడు, అదీ పచ్చిగా తింటే తగ్గినదంతా మళ్లీ లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ ఒక రోగి కథ చెప్పాలి. 1976లో లెవిట్ బృందం ఓ ప్రసిద్ధ వైద్యపత్రికలో అతని గురించి రాసింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. మామూలు మనుషులు రోజుకు సుమారు పద్నాలుగుసార్లు అపానవాయువు వదిలితే ఇతనిది సగటున 34. సిగ్గుపడి దాచుకునే రకం కాదు, నోటుపుస్తకం పట్టుకుని కూర్చునే రకం. ఏ రోజు ఏం తిన్నాడు, ఎన్నిసార్లు అన్నది వరసగా రాసుకున్నాడు. వాయువును పరీక్షిస్తే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ బయటపడ్డాయి. అంటే గాలి మింగడం కాదు, ఏదో పిండిపదార్థమో చక్కెరో అరగడం లేదు. వెతగ్గా వెతగ్గా దొరికిన ప్రధాన దోషి పాలు. అతని పేగులో పాలచక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైము చాలడం లేదు. 1979లో ఈ కథకు కొనసాగింపుగా వచ్చిన వ్యాసంలో లెవిట్ పేరు పక్కన ఆ రోగే రచయితగా కనిపిస్తాడు, ఎల్.ఓ. సుటాల్ఫ్ అనే మారుపేరుతో. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి చదివితే అపానవాయువుకు వైద్యులు వాడే మాట వస్తుంది.

ఆ వ్యాసంలో అతను తిండ్లను మూడు జాబితాలుగా విడగొట్టాడు. బాగా ఇబ్బంది పెట్టేవాటిలో పాలతోపాటు ఉల్లి, చిక్కుడు జాతి గింజలు, క్యారెట్, ఎండుద్రాక్ష, అరటి, గోధుమ మొలకపొడి ఉన్నాయి. డైటీషియన్లు తినమని రాసిచ్చే చీటీకీ ఈ పట్టికకూ పెద్ద తేడా లేదు. ఏ ఇబ్బందీ పెట్టని జాబితాలో మాంసం, చేపలతోపాటు మన వరి అన్నం ఉంది.

అన్నం సంగతి ఒక్క రోగి నోటుపుస్తకంతో తేలిపోలేదు. 1981లో లెవిట్ బృందమే ఆరోగ్యవంతులకు గోధుమపిండి రొట్టె పెట్టి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచింది. గోధుమపిండిలోని పిండిపదార్థంలో పదోవంతు నుంచి ఐదోవంతు దాకా చిన్నపేగులో అరగకుండానే దాటిపోతోందని లెక్కగట్టారు. 1987లో గోధుమ, ఓట్స్, మొక్కజొన్న, బంగాళాదుంప, చిక్కుడు గింజలు, వరి అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశారు. వరి దాదాపు పూర్తిగా అరిగిపోయింది. మిగతావన్నీ హైడ్రోజన్ పుట్టించాయి.

పదకొండు గంటల ఉబ్బరానికి నాకు కనపడే అసలు తాళంచెవి ఇది. మన మనిషి కొత్తగా తినడం మొదలుపెట్టినవాటి మీదే అందరి కళ్లూ ఉన్నాయి, మానేసిన దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పెద్దపేగుకు దాదాపు ఏమీ మిగల్చని అన్నాన్ని తీసేసి, ఆ చోట ఓట్స్, చపాతీ, మొలకలు, పాలు పెట్టాడు. కొత్తగా వచ్చినవాటిలో ప్రతిదీ ఎంతోకొంత పులిసేదే. అది రోగం కాదు. పీచు పులిసి సూక్ష్మజీవులకు ఆహారం కావడం పేగుకు మేలే. షుగర్ ఉన్నవాళ్లు ఇది చదివి మళ్లీ పళ్లెం నిండా అన్నం పెట్టుకోమని కాదు నా ఉద్దేశం. ముప్పై ఏళ్లు అన్నానికి అలవాటైన పేగు మీద ఒక్క సోమవారం నాడే నాలుగు కొత్తవి పడేస్తే అది మొరాయిస్తుంది, అంతే.

పాల దగ్గర మనం ఇంకాస్త ఆగాలి. ఎందుకంటే ఈ ఆనవాలు నేరుగా మన అడవి అంచుకు వస్తుంది. 1965, 66లలో బాల్టిమోర్ వైద్యులు పెద్దవాళ్లలో లాక్టేజ్ తక్కువగా ఉండటం అరుదైన రోగం కాదని, కొన్ని జనాల్లో అదే మామూలని చెప్పారు. నైజీరియాలో క్రెచ్మర్ అనే వైద్యుడి బృందం చూస్తే పశువుల్ని మేపుకుంటూ పాలమీద బతికే ఫులానీల్లో చాలామందికి పాలచక్కెర అరిగింది, పాడి అలవాటు లేని యొరుబాల్లో దాదాపు ఎవరికీ అరగలేదు. మన దగ్గర హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి వినోదిని రెడ్డి, పెర్షాద్ 1972లోనే భారతీయుల్లో లాక్టేజ్ లోపం మీద రాశారు. 1981లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవారిలో 27.4 శాతానికి పాలచక్కెర పడకపోతే, తిరువనంతపురం, పుదుచ్చేరిల్లో 66.6 శాతానికి పడలేదు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలూ పాలుపంచుకున్న జన్యు అధ్యయనం ఒకటి 2012లో అచ్చయింది. దేశమంతటా రెండువేల మందికి పైగా నమూనాలు చూస్తే, పెద్దయ్యాకా పాలు అరిగించే జన్యుమార్పు వాయవ్యంలో ఎక్కువ, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తక్కువ. మనం ఆ రెండో కొసన ఉన్నాం.

ఇప్పుడు భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లండి. ఎన్నో కోయ గూడేల్లో ఆవులుంటాయి, ఎద్దులతో దుక్కి దున్నుతారు, కానీ పాలు పిండే అలవాటు పాతకాలంలో లేదు. ఆవు పాలు దూడవి. మైదానం నుంచి వెళ్లినవాళ్లు దాన్ని చాలాకాలం వెనకబాటుగా, తెలియనితనంగా చూశారు. ల్యాబు లెక్కల పక్కన పెట్టి చూస్తే, ఒంటికి అవసరం లేనిదాన్ని అడక్కుండా బతికినవాళ్లలా కనిపిస్తారు. ఇక మైదానపు తెలుగువాళ్లం మాత్రం ఏం చేశాం? పాలను పాలగా తాగింది పిల్లలు, బాలింతలు. పెద్దవాళ్ల విస్తట్లోకి వచ్చింది పెరుగు, మజ్జిగ. 1984లో లెవిట్ సహచరులతో కలిసి చూపించినదేమిటంటే, లాక్టేజ్ తక్కువున్నవాళ్లకు కూడా పెరుగులోని పాలచక్కెర పాలకన్నా చాలా మెరుగ్గా అరుగుతుంది, ఎందుకంటే తోడులోని సూక్ష్మజీవులు తమ ఎంజైమును తమతోపాటే పేగులోకి తీసుకొస్తాయి. చారిత్రకంగా రుజువు చేయలేను గానీ, చివర్లో ముద్దపెరుగు లేకపోతే భోజనమే కాదనే మన పట్టుదలకు ఇది మంచి వత్తాసు.

ఇంతవరకు వచ్చాక పాలను దోషిగా తేల్చేసి లేచిపోవచ్చు. అయితే కథ ఇక్కడే తిరగబడింది. లాక్టేజ్ లోపాన్ని కనిపెట్టే పరీక్షలో ఇచ్చేది సాధారణంగా 50 గ్రాముల పాలచక్కెర. అంటే లీటరు పాలు, ఒక్క గుక్కలో. ఎవరు తాగుతారు అలా? 1995లో లెవిట్, సువారెజ్, సవయానో ముగ్గురూ కలిసి, తమకు పాలు బొత్తిగా పడవని ఒట్టేసి చెప్పే ముప్పైమందిని తీసుకుని, ఒక వారం మామూలు పాలు, ఒక వారం పాలచక్కెర విడగొట్టిన పాలు ఇచ్చారు. రోజుకు 240 మిల్లీలీటర్లు. ఏవి ఏవో రుచిని బట్టి పసిగట్టకుండా తీపి సరిచేశారు. రెండు వారాల బాధల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఆ ముప్పైమందిలో తొమ్మిదిమందికి పాలచక్కెర శుభ్రంగా అరుగుతోంది!

అంటే ప్రశ్న పాలు పడతాయా పడవా అన్నది కాదు, ఎన్ని పాలన్నది. నూరు మిల్లీలీటర్ల పాలలో సుమారు 4.8 గ్రాముల పాలచక్కెర ఉంటుంది. లాక్టేజ్ తక్కువున్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఓ విడతకు 12 గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. అంటే ఒక గ్లాసు. ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే 200 మిల్లీలీటర్లు ఆ లెక్కలోపే ఉన్నాయి, భయపడి మానేయనక్కర్లేదు. జిమ్ నుంచి వచ్చి అరలీటరు పాలలో రెండు చెంచాల వే ప్రొటీన్ కలుపుకుని గటగటా తాగే కుర్రాడి లెక్క వేరు. పాలలోనే 24 గ్రాములు, చౌకరకం వే కాన్సన్‌ట్రేట్ అయితే అందులో ఇంకొంచెం. ఆ తర్వాత ప్రొటీన్ బార్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్. వాటిలోని సార్బిటాల్, మాల్టిటాల్ కూడా సరిగా అరగని తీపులే. "వర్కవుట్ చేస్తే పొట్ట ఉబ్బుతోంది" అనేవాళ్లు చాలామంది వర్కవుట్ తర్వాత తాగినదాన్ని మర్చిపోతారు. వ్యాయామం మాత్రం నిర్దోషి. బార్సిలోనా వైద్యులు ఉబ్బరం ఉన్నవాళ్ల పేగులోకి వాయువు పంపి, తేలిగ్గా సైకిల్ తొక్కిస్తే అది తొందరగా బయటికి పోయిందని 2006లో చూపించారు.

అసలు విచిత్రం ఇంకా ఉంది. 1975లోనే లెవిట్ బృందం గ్యాస్, ఉబ్బరం, నొప్పి అని ఏళ్లతరబడి బాధపడేవాళ్ల పేగుల్లోకి ఆర్గాన్ వాయువును సన్నని గొట్టంతో పంపి, లోపల ఉన్న మొత్తాన్ని బయటికి తోసి కొలిచింది. రోగుల పేగుల్లో సగటున 176 మిల్లీలీటర్లు ఉంది. ఏ బాధా లేనివాళ్లలో 199. మరోసారి చదవండి. ఉబ్బిందని మొత్తుకునేవాళ్లలో వాయువు మామూలు వాళ్లకన్నా ఎక్కువ లేదు. తేడా కనిపించింది ఇంకోచోట. మామూలు వాళ్లు గమనించనైనా గమనించని కొద్దిపాటి వాయువుకే వీళ్ల పేగు విలవిల్లాడింది, కొంత వాయువు ముందుకు పోకుండా వెనక్కి కడుపులోకి తన్నింది.

మరి కంటికి కనిపించే ఆ పొంగు? టేపు పెట్టి కొలిస్తే అంగుళాల్లో తేడా వస్తుంది కదా, అది భ్రమ కాదు కదా? దానికి జవాబు 2009లో మళ్లీ బార్సిలోనాలోనే దొరికింది. ఉబ్బినప్పుడు, ఉబ్బనప్పుడు సీటీ స్కాన్ తీసి పోల్చారు. చాలామందిలో లోపలి వాయువు పెద్దగా పెరగలేదు. ఊపిరికి పనిచేసే ఉదరవితానం, అంటే డయాఫ్రమ్, కిందికి దిగి నొక్కుతోంది. అదే సమయంలో పొట్ట ముందుగోడ కండరాలు బిగుసుకోకుండా వదులవుతున్నాయి. లోపలున్నదే ముందుకు తోసుకొస్తోంది. మామూలు మనిషిలో ఇది తలకిందులుగా జరగాలి. భోంచేశాక డయాఫ్రమ్ పైకి సర్దుకుని చోటివ్వాలి.

కాబట్టి మన ఆఫీసు మనిషి పొట్టలో జరిగిందేమిటో ఇప్పుడు వరసగా చెప్పొచ్చు. అరగని చక్కెరలు పేగులోకి నీళ్లు లాగాయి, పెద్దపేగులో కొంత పులిశాయి. పేగు గోడ కాస్త సాగింది. సున్నితమైన పేగు దాన్ని పెద్ద ఒత్తిడిగా మెదడుకు చెప్పింది. డయాఫ్రమ్ తడబడి కిందికి దిగింది. ఆపైన గంటలతరబడి కుర్చీలో వంగి కూర్చోవడం. బెల్టు రంధ్రం మారింది.

ఈ అరగని చక్కెరలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి 2005లో ఆస్ట్రేలియా మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుగింజలు, పాలు, యాపిల్, పుచ్చకాయ, మామిడి, జీడిపప్పు అన్నీ అందులోకి వస్తాయి. విడివిడిగా అమాయకమైనవే. ఒకే పూట కలిస్తే కూడిక పెరుగుతుంది. మే నెలలో ఖమ్మం మామిడిపండ్లు, సత్తుపల్లి, అశ్వారావుపేట తోటల జీడిపప్పు, ఓ గ్లాసు బాదంపాలు ఒకేసారి లోపలికి వెళ్తే తెలుస్తుంది. 2013లో అదే బృందం గోధుమ పడదనేవాళ్లకు ముందు ఈ చక్కెరలు తగ్గించి, తర్వాత తెలియకుండా గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పెట్టి చూసింది. గ్లూటెన్ ఏమీ చేయలేదు. గ్లూటెన్‌ఫ్రీ పేరుతో రెట్టింపు ధరకి కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. గ్లూటెన్ నిజంగానే పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. దానికి రక్తపరీక్ష ఉంది, గోధుమ మానేయకముందే చేయించుకోవాలి.

ఇంట్లో ఈ ముడి విప్పుకోవాలంటే సుటాల్ఫ్ పద్ధతే మేలు. ఓ పాత నోటుపుస్తకం తీసి తిన్నది, గంట, ఉబ్బిన గంట, విరేచనం అయిందా లేదా రాసుకోండి. మలబద్ధకం ఉంటే ముందు అది సరిచేసుకోండి, సగం కేసులు అక్కడే తేలతాయని నా అనుమానం. తర్వాత ఒక్కొక్కటే మార్చండి. వారంపాటు పాల బదులు పెరుగు. తర్వాతి వారం పచ్చి మొలకల బదులు ఉడికించిన పెసలు, అదీ గుప్పెడు. ఓట్స్ మానేసి ఓ పూట అన్నం తిని చూడండి. అన్నీ ఒకేసారి మానేస్తే తగ్గుతుంది గానీ దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. తగ్గాక ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా వెనక్కి తెచ్చుకోవాలి. పీచు, పప్పులు జీవితాంతం మానేయడం ఎవరికీ మంచిది కాదు.

ఏజెన్సీ వైపు వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వానాకాలం వాగునీళ్లు తాగాక మొదలైన ఉబ్బరం, జిగట విరేచనాలు జియార్డియా అనే పరాన్నజీవి వల్ల కావచ్చు. అది పేగు గోడను గాయపరిచి కొంతకాలం పాలు కూడా పడనివ్వదు. మలపరీక్షలో తెలుస్తుంది, మందుతో పోతుంది. అది తేలకుండా పాలమీద నింద వేయొద్దు.

ఈ కథంతా సాయంత్రానికి పెరిగి, తెల్లారేసరికి తగ్గే ఉబ్బరం గురించి. రాత్రీపగలూ తగ్గకుండా రోజురోజుకీ పెరిగే పొట్ట, తెలియకుండా తగ్గే బరువు, మలంలో రక్తం, సాయంత్రం జ్వరం, కళ్ల పసుపు, ఆగని వాంతులు ఉంటే అది వేరే జాబితా. కాలేయం దెబ్బతిని నీరు చేరడం, పొట్ట క్షయ, పేగు క్యాన్సర్ అందులో ఉన్నాయి. యాభై దాటిన ఆడవాళ్లకు కొత్తగా మొదలై వారాలతరబడి పోని ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం అండాశయ క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు. ఇంట్లో అమ్మ, అత్తమ్మ ఈ మాట అంటే వామునీళ్లు కాచివ్వడంతో సరిపెట్టకండి, ఆ వారంలోనే డాక్టరుకు చూపించి స్కానింగ్ చేయించండి.